నెట్ వెయిట్

రామతీర్థం మలుపు దాటాక ఎడమ పక్క
అరవై టన్నుల కాటా. రాత్రి డ్యూటీ నాది.
అద్దాల గది, ఎర్రంకెల డబ్బా,
కిర్రుకిర్రుమని చీటీ కక్కే ప్రింటరు,
అన్నిటి మీదా చీమకుర్తి దుమ్ము.
నల్లరాయిలో బంగారు నలుసులు మెరుస్తాయని
దేశదేశాల వాళ్లు కొనుక్కుపోతారు గానీ
మా ముక్కుల్లోకి వచ్చేది ఈ తెల్ల పొడే.

లోడు బండి బరువు. ఖాళీ బండి బరువు.
అందులోంచి ఇది తీస్తే నెట్.
ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివి
తీసివేతలు చేస్తన్నాడని మా బావమరిది నవ్వుతాడు.
నవ్వనీ.
ఈ తీసివేత కాడే లోకం ఇరుక్కుందని
వాడికెట్టా చెప్పేది?

ఒంగోల్లో ఆఖరి క్లాసు. కరెంటు లేదు.
సుభాషిణి మేడం చేతిలో గోరంత సుద్దముక్క.
హిగ్స్ కణం బరువు ఇంతే, అంది,
పొదలకూరు నిమ్మకాయంత అనుకోండి.
కానీ దానితో పొత్తున్న ప్రతి కణమూ
శూన్యంలోంచి చెయ్యి చాపి
దాని నెత్తిన ఓ బండ పెట్టి పోతుంది.
లెక్కప్రకారం అది కొండ కావాలి.
కాలేదు.
అంటే ఇంకో కొండెక్కడో
ఈ కొండని కొట్టేస్తోంది,
ముప్పై పైచిలుకు అంకెలు వరసగా సరిపోయి
చివర ఒక్క నిమ్మకాయ మిగిలేట్టు.

"అంత ఓపిగ్గా ఎవురు సరిచూశారు మేడం?"
వెనక బెంచీలోంచి మాల్యాద్రి.
(వాడిప్పుడు పొదిలి రోడ్డులో టైర్లు అమ్ముతాడు.)
మేడం నవ్వలేదు.
ప్రతి కణానికీ ఒక జోడీ ఉందనుకోండి.
ఇది ఎత్తిన బండని అది దించేస్తుంది.
అప్పుడిక ఆశ్చర్యపోయే పని లేదు. సహజం.
ఆ మాట బోర్డు మీద రాసి
కింద రెండు గీతలు గీసింది.
రెండో గీతకి సుద్దముక్క అయిపోయింది.

మొన్న ఫిబ్రవరిలో ఖాసింవలి బండి కాటా ఎక్కింది.
నలభై రెండు వేల మూడు వందల అరవై.
వెనకే పెంచలయ్య. వేరే క్వారీ, వేరే రాయి, వేరే కంపెనీ లారీ.
నలభై రెండు వేల మూడు వందల అరవై.
మర్నాడు అంకె మారింది,
ఇద్దరికీ ఒకటే మారింది.
పదకొండు రోజులు.
మా వైపు దీన్ని అద్భుతమనరు.
కాటాలో కిటుకుంది అంటారు.

తూనికలు కొలతల వాళ్లొచ్చారు.
ప్లేటు లేపి గుంతలోకి టార్చి కొట్టారు,
వైరు మూరమూరా తడిమారు.
ఒక కప్ప, ఎడమకాలి చెప్పు, నిరుటి వాననీళ్లు.
ఇంకా లోతుకి చూడాలన్నాడు చిన్నాఫీసరు.
చూశారు. రాయి తగిలింది.
ఇక్కడ యాడ తవ్వినా రాయే.

అక్కడా అంతేనంట. ఇరవై ఏడు కిలోమీటర్ల సొరంగంలో
కణాల్ని ఢీకొట్టించి ఢీకొట్టించి
జోడీల కోసం కాచుక్కూచున్నారు.
ఒక్కటీ రాలేదు.
మరీ బరువైనవేమో, అందుకే అందలేదేమో అన్నారు.
జోడీ బరువెక్కే కొద్దీ కొట్టివేత కుదరదు,
మళ్లీ అదృష్టాన్ని పిలవాల్సిందే,
పదిలో ఒకటి, కాదు వందలో, కాదు వెయ్యిలో.
ఎందాకా ఊరుకోవచ్చో ఎవరూ రాసిపెట్టలేదు.
నా కాటాకైతే రాసుంది:
పది కిలోలు అటూ ఇటూ. సీసం సీలు.

మాల్యాద్రికి ఫోన్ చేశా.
"లోకంలో ఎన్ని కాటాలు లేవు, రాత్రికెన్ని బండ్లు!
యాడో ఒకచోట ఇట్టా పడద్ది.
పడినకాడ నువ్వు కూచోనుండావు, అంతే అబ్బా."
అయ్యుండొచ్చు.
అది జవాబో, జవాబుకి తాళమో
నాకింకా తెలీలేదు.

పన్నెండో రాత్రి.
ఖాసింవలి వెళ్లాడు. పెంచలయ్య ఎక్కాడు.
అంకెలు ఉరికి ఉరికి నిలబడ్డాయి.
అవే.
బండి కాటా మీదుండగానే పెంచలయ్య దిగి
బంపరుకి వేలాడే ఎండిన నిమ్మకాయ తెంపి
రోడ్డు మీదికి విసిరేసి
జేబులోంచి పచ్చిది తీసి కట్టాడు.
ఎర్రంకె కదల్లేదు,
తీసినప్పుడూ,
కట్టినప్పుడూ.

చీటీ చింపి ఇచ్చాను.